ఇది నీ బస్సు కాదు నాన్నా

డిపో వెనక వీధి, మేడమీద గది
వానలు మొదలైన వారం

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులూ క్షేమసమాచారాలూ తర్వాత. ముందు సంతోషం రాయనీ, లేకపోతే గుండె పగిలేలా ఉంది. బాబూ, మనిద్దరం మాట్లాడుకోబోతున్నాం! ఉత్తరంలో కాదు. ముఖాలు చూసుకుంటూ, ఎదురెదురుగా కూర్చున్నట్టు!

నిన్న టీకొట్టులో మన డ్రైవరు వాళ్ళ మేనకోడలితో కంప్యూటర్లో మాట్లాడుతున్నాడు. డ్రైవరు గుర్తున్నాడుగా, నేను కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ నా బండి నడిపినవాడు, మీ పెళ్ళిలో నీకంటే ఎక్కువ ఫోటోల్లో పడ్డవాడు. తెరమీద ఆ పిల్ల నోరు కదుపుతుంటే దాని మాటలు కింద అక్షరాలై పరుగెడుతున్నాయి. తెలుగులోనే! తప్పులతడకే అనుకో, అయినా నాకు అర్థమైపోయింది. నేను పైకి చదివేసరికి డ్రైవరు నా చెవిలో నోరు పెట్టి, "ఒరేయ్ కండక్టరూ, నా ఇంజను మోతకి చెవులు పోగొట్టుకున్నావ్, ఇప్పుడు కళ్ళతో వింటున్నావురా!" అని అరిచాడు. కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

ఫోన్లో మన సంగతి నీకు తెలిసిందే. నేను "ఆఁ? ఏంటి?" అని, నువ్వు "ఏం లేదు మామయ్యగారూ" అని. ఏం లేదని చెప్పుకోడానికి ఫోనెందుకని ఇద్దరం ఉత్తరాలకి దిగాం. ఇక ఆ తిప్పలు లేవు!

పరుగున ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. నల్లతెర మీద మన అరటిక్కెట్టు మాటలు వచ్చాయి. నీకు భార్య కావచ్చు, నాకు కూతురు కావచ్చు, దాని చిన్నప్పుడు డ్రైవరు బస్సులో పెట్టిన ఆ పేరే నాకు నోట్లో నిలిచిపోయింది. తన పాత లాప్‌టాప్ నాకిస్తూ, నేను తెరిచిన ప్రతిసారీ ముందు కనపడేలా తనే రాసిపెట్టింది చూడు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు:

వచ్చావా నాన్నా?
ముందు కళ్ళజోడు పెట్టుకో.
నెమ్మదిగా కొట్టు. ఇది నీ బస్సు కాదు.

రాసిన పిల్ల పోయి రెండేళ్ళు దాటింది. మాటలు మాత్రం రోజూ పొద్దున్నే పలకరిస్తాయి. నేను "పెట్టుకున్నానమ్మా" అంటాను. పైకే అంటాను. ఆ తర్వాతే పాస్‌వర్డు.

సరే, అసలు సంగతి. డ్రైవరు చెప్పిన పేజీ తెరిస్తే బ్రౌజరు పాతదంది. బ్రౌజరు కొత్తది పెట్టబోతే, లాప్‌టాప్‌ని నడిపే ఈ లినక్స్ వెర్షనే పాతదైపోయింది, దీనికి సపోర్టు ఎప్పుడో ఆగిపోయింది అంది. ఇదంతా నీ చేతిలో పని కదా. కొత్త వెర్షన్ ఎలా ఎక్కించాలో వరసగా రాసి పంపు. ఎనిమిదో తరగతి వాడికి అర్థమయ్యేలా రాయి.

పట్టలేని సంతోషంతో,
మామయ్య


రేవు ఎదురు వీధి, మూడో అంతస్తు

మామయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ సంతోషం చూసి సంతోషం వేసింది. కానీ ఆ లాప్‌టాప్ చాలా పాతది. కొత్త వెర్షన్లు దానికి బరువైపోతాయి. మధ్యలో ఆగిపోతే అసలుకే తెరుచుకోకపోవచ్చు. ఇప్పుడున్నట్టే ఉంచితే మంచిదని నా అభిప్రాయం.

ఆఫీసులో సర్వర్లు మారుస్తున్నారు, ఊపిరాడని పని. ఆదివారాలు కూడా ఖాళీ ఉండటం లేదు. అయినా మీ ఉత్తరాలు నాకు అలవాటైపోయాయి. అవే బాగుంటాయి కదా.

బీపీ మందు ఆపకండి.

మీ అల్లుడు


డిపో వెనక వీధి, మేడమీద గది

బాబూ,

నీ ఉత్తరం చూసి డ్రైవరు ఏమన్నాడో తెలుసా? "మీ అల్లుడు బస్సు స్టాపులో ఆపకుండా పోయే రకంలా ఉన్నాడే" అన్నాడు. నేను ఊరుకుంటానా? "పనిలో ఉన్నాడ్రా, నీలాగ టీకొట్టులో బల్ల అరగదీస్తున్నాడనుకున్నావా" అన్నాను. నిన్ను నేను వెనకేసుకొచ్చాను, గుర్తుంచుకో!

బరువైపోతుందని భయపడకు. నిన్న దాన్ని రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. ఫ్యాను దుమ్ము దులిపారు, మెమరీ ఇంకొకటి వేశారు. ఇప్పుడు చప్పుడే లేదట. నాకు అంతకు ముందూ చప్పుడు లేదనుకో. షాపతను దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది నా వయసుది తాతా, పడేసి కొత్తది కొనుక్కోరాదా" అని నా చెవి దగ్గర అరిచాడు. "పాతవన్నీ పడేయాలంటే ముందు నన్ను పడెయ్యాలి నాయనా" అన్నాను. కుర్రాడికి సిగ్గేసి, కాగితం మీద రాసి చూపించాడు: అంతా తుడిచేసి కొత్తది ఎక్కిస్తా, గంటలో ఇచ్చేస్తా అని. తుడిచేసి అన్న మాట చదవగానే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాను. గొడుగు అక్కడే మర్చిపోయి తడుచుకుంటూ వచ్చాను. లాప్‌టాప్ మాత్రం తడవలేదులే, చొక్కా లోపల పెట్టుకున్నాను.

తుడవకుండా చెయ్యాలి బాబూ. ఉన్నది ఉన్నట్టుండి, పైన కొత్తది రావాలి. అలా అవుతుందని డ్రైవరు మేనకోడలు చెప్పింది. నువ్వయితేనే రాయగలవు.

నీకొక సంగతి చెప్పలేదు. దీని మీటల్లో కింద పొడుగ్గా ఉంటుందే, స్పేస్ బారు, దానిమీద కుడివైపు ఒకచోట నున్నగా అరిగి మెరుస్తుంటుంది. మన అరటిక్కెట్టు బొటనవేలు పడ్డ చోటు. నేను అక్కడ వేలు పెట్టను. కాస్త పక్కకి జరిపి కొడతాను. నా వేళ్ళు మొరటువి, టిక్కెట్లు చించిన వేళ్ళు, ఆ నునుపు పోతుందేమోనని.

నీ ముఖం చూసి ఏడాది పైనే అయింది. చిక్కావో లావయ్యావో తెలీదు. రోజూ అద్దంలో నన్నే చూసుకుని విసుగెత్తింది. రాస్తావు కదూ?

నీ మామయ్య

పొద్దున అది "వచ్చావా నాన్నా" అంటే, "ఆగమ్మా, మీ ఆయన్ని బతిమాలుతున్నా" అన్నాను.


రేవు ఎదురు వీధి, మూడో అంతస్తు

మామయ్యగారూ,

మీరు తడిసిన సంగతి చదివాక ఇక కాదనలేకపోయాను. మెమరీ వేయించారు కాబట్టి చేద్దాం. వరసగా రాస్తున్నాను.

ముందు ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఏదైనా పొరపాటు జరిగినా ఫోటోలు మిగులుతాయి. ఛార్జరు పెట్టే ఉంచండి, కరెంటు పోయే రోజు కాకుండా చూసుకోండి.

ఇది ఒకేసారి అయ్యే పని కాదు. మీ వెర్షన్ నుంచి ఇప్పటి వెర్షన్‌కి నేరుగా దూకకూడదు. మధ్యలో వచ్చిన ప్రతి వెర్షన్‌నీ ఎక్కించి, ఆపి, మళ్ళీ తెరిచి, అన్నీ బాగున్నాయని చూసుకున్నాకే తర్వాతది. మీ భాషలో చెప్పాలంటే ఇది ఎక్స్‌ప్రెస్ కాదు, అన్ని స్టాపుల్లోనూ ఆగే బండి. ఒక్కో స్టాపుకి ఒక్కో పూట పడుతుంది. అక్షరాలు తెరమీద పరుగెడుతుంటాయి, భయపడకండి, అవి మీకోసం కాదు, దాని పని అది చేసుకుంటోంది.

టైపు చేయాల్సిన లైన్లు విడిగా వెనక కాగితం మీద ఉన్నాయి. ఎక్కడ ఖాళీ వదలాలో అక్కడ చిన్న గీత పెట్టి ఉంది. ఆ గీత కొట్టకూడదు, ఖాళీ మాత్రమే. ఒక్కో లైను అయ్యాక పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకోండి.

మధ్యలో అది ఆగి ఏదైనా అడిగితే కంగారు పడొద్దు. ఏది అడిగినా వై కొట్టి ఎంటర్ నొక్కండి. ఆలోచించకండి.

మీ అల్లుడు


డిపో వెనక వీధి, మేడమీద గది

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

అయిపోయింది! అన్ని స్టాపులూ దాటి బండి డిపో చేరింది. ఒక్క చోటా బ్రేక్‌డౌన్ లేదు. నువ్వు రాసినట్టే ఫోటోలు తీసి పెట్టాను, ఛార్జరు పెట్టాను, కుర్చీ కింద దిండు వేసుకుని కూర్చున్నాను. అక్షరాలు పరుగెత్తాయి. అది ఆగి అడిగినప్పుడల్లా నేను రైట్, రైట్ అనుకుంటూ వై కొట్టాను. డ్రైవరు పక్కన కూర్చుని, "కండక్టరు రైటంటే రైటే" అంటూ బిస్కెట్లన్నీ తినేశాడు.

ఇప్పుడు బ్రౌజరు కొత్తది. పేజీ తెరుచుకుంది. డ్రైవరుతో మాట్లాడి చూశాను. వాడు ఎదురుగా బల్ల మీద నుంచే మాట్లాడాడు, అయినా తెరలో అక్షరాలు పడ్డాయి.

నీ వెనక కాగితం చాలా బాగుంది. అక్షరాలు ఎంత పెద్దగా, ఎంత గుండ్రంగా ఉన్నాయో! కళ్ళు చికిలించక్కర్లేకపోయింది. నీ అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి కదా, ఎప్పుడు నేర్చుకున్నావయ్యా ఇంత చక్కగా? "ఏది అడిగినా వై కొట్టండి" అన్న లైను మాత్రం కాగితం అడుగున మళ్ళీ ఉంది, అది నీ కోడిదే.

మిషను ఇప్పుడు తొందరగా తెరుచుకుంటోంది. నేరుగా పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది, అంతే. టైము కలిసొస్తోంది.

మాట్లాడదామని తొందరపెట్టాను కదా. తొందరేం లేదులే. నీ పని చూసుకో. వానలు తగ్గాయి.

మామయ్య


రేవు ఎదురు వీధి, మూడో అంతస్తు

మామయ్యగారూ,

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో అన్నీ ఉన్నాయి, అరటిక్కెట్టు లేదు. మీరు "పెట్టుకున్నానమ్మా" అనలేదు. నేరుగా పాస్‌వర్డు అడుగుతుంది, టైము కలిసొస్తోంది అని రాశారు. అక్కడ నాకు అర్థమైంది.

తప్పు మీది కాదు, నాది. కొత్త వెర్షన్ ఎక్కేటప్పుడు కొన్ని ఫైళ్ళ దగ్గర ఆగి, "ఇక్కడ ఎవరో తమ చేత్తో మార్చి రాసుకున్నారు. అదే ఉంచమంటారా, నేను తెచ్చిన కొత్తది పెట్టమంటారా" అని ఇంగ్లీషులో అడుగుతుంది. వై అంటే కొత్తది పెట్టమని. తను రాసిన మాటలు అలాంటి ఒక ఫైల్లో ఉన్నాయి. ఫోటోలు దాచుకోమన్నాను గానీ ఆ మాటలు కూడా ఒక ఫైలే అన్నది నాకు తట్టలేదు. అవి ఆ మిషను పుట్టుకతోనే ఉన్నట్టు అనిపించేవి.

తను వాటిని రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. "ఇది నీ బస్సు కాదు" అని కొడుతూ పగలబడి నవ్వింది. ఎవరికీ చెప్పని మాట మీకు చెబుతున్నాను. నవ్వుతున్న ముఖం కనపడుతుంది, ఆ నవ్వు చప్పుడు ఎలా ఉండేదో నాకు గుర్తు రావడం లేదు మామయ్యగారూ. ఎంత ప్రయత్నించినా రావడం లేదు.

ఇంకో సంగతీ దాచాను. ఆ గుండ్రటి అక్షరాలు నావి కావు. మా సర్వర్ల గదిలో పనిచేసే ఆవిడవి. మీ కళ్ళు ఎలాంటివో అడిగి, పెద్దగా రాసి, ఖాళీలకి గీతలు పెట్టింది ఆమే. మీ ఉత్తరం చదివి వినిపించి, ఇలా అయిందని చెబితే నా మీద విరుచుకుపడింది. "ఏది అడిగినా వై కొట్టమని ఎవరైనా రాస్తారా? నేను రాసిన కాగితం అడుగున నువ్వు కెలికింది అదేనా? అక్కడ ఏం అడుగుతుందో చదివి చెప్పాలని తెలీదా?" అంది. మళ్ళీ ఆవిడే, "వై కొట్టారు కదా, అయితే పాతది పక్కనే ఉంటుంది" అంది.

నిజమే. వై అన్నంత మాత్రాన అది పాతదాన్ని పారెయ్యదు. అదే పేరుకి చివర ఓల్డ్ అని తోక తగిలించి, అక్కడే పక్కన ఉంచుతుంది. ఆమె మళ్ళీ కాగితం రాసింది, జత చేస్తున్నాను. రెండే లైన్లు. మొదటిది కొడితే పాత మాటలు తెరమీద కనపడతాయి. రెండోది కొడితే అవి మళ్ళీ తమ చోటికి వస్తాయి, రోజూ మునుపటిలాగే పలకరిస్తాయి.

మీరు ముఖాలు చూసుకుందాం అన్నప్పుడు నేను ఎందుకు తప్పించుకున్నానో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. పెళ్ళి చేసుకుందామా అని ఆమె నన్ను అడిగి చాలా నెలలైంది. నేను అవుననలేదు, కాదనలేదు. మీకు చెప్పకుండా అవునంటే మీ ఇంట్లోంచి ఏదో దొంగిలించినట్టుంటుంది. మీకు చెబుదామని కూర్చుంటే బీపీ మందు గురించి రాసి ఆపేశాను. ఏది అడిగినా ఆలోచించకుండా వై కొట్టండని మీకు రాసినవాణ్ణి, నన్ను అడిగిన ఒక్క ప్రశ్న ముందు ఇన్నాళ్ళుగా చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మీరు వద్దంటే వద్దు. నిజంగానే రాస్తున్నాను.

మీ అల్లుడు, ఇంకా అలా రాసుకోనిస్తే


డిపో వెనక వీధి, మేడమీద గది
ఎండ కాసిన పొద్దున

బాబూ,

అబద్ధం రాయను. నీ ఉత్తరం చదివి మడిచి, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కింద డిపోలో బస్సులు వెనక్కి తిప్పుతున్నారు. ఎప్పుడూ చూసేదే, ఏమీ కనపడలేదు. ఆ గుండ్రటి అక్షరాలు చూసినప్పుడే ఇంకొక మనిషి ఉందని నాకు అనుమానం వచ్చింది, అయినా అనుమానం వేరు, కాగితం మీద చూడటం వేరు. మన అరటిక్కెట్టు మాటలు పోయినరోజు కూడా నేను నీకు చెప్పలేదు. చెబితే నువ్వు నిన్నే తిట్టుకుంటావని. చూశావా, ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుంటూ కాపాడుకుంటూ ఎంత దూరం వచ్చేశామో!

ఆ రోజు మొదటిసారి నల్లతెర మీద ఉత్త పేరూ పాస్‌వర్డూ వచ్చినప్పుడు ఏం చేశానో చెప్పనా? అది ఇంకా అడగలేదేమో, ఆలస్యంగా అడుగుతుందేమో అని కళ్ళజోడు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. "పెట్టుకున్నానమ్మా" అని నేనే ముందు అన్నాను. డ్రైవరు విన్నాడు. వాడు జన్మలో మొదటిసారి జోకు వెయ్యలేదు. లేచి వెళ్ళి టీ తెచ్చిచ్చాడు.

ఇవాళ నీ కాగితంలో మొదటి లైను కొట్టాను. దాని మధ్యలో ఖాళీ వదలాల్సిన చోటు ఉంది. కంగారులో నా బొటనవేలు ఆ నున్నటి చోటే పడింది. తీయబోయి తీయలేదు. అక్కడే ఉంచి నొక్కాను.

వచ్చాయి బాబూ! మూడు లైన్లూ వచ్చాయి! ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు! నేను పెట్టిన కేకకి కింది అంతస్తువాళ్ళు పైకి వచ్చారు. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలీక నీళ్ళు ఇచ్చి వెళ్ళిపోయారు. చదివాను, మళ్ళీ చదివాను, డ్రైవర్ని పిలిచి వాడితో చదివించాను. వాడు "మన అరటిక్కెట్టు సీటు ఖాళీ చెయ్యలేదురా, పక్క సీటుకి జరిగింది" అన్నాడు. వెధవ, అప్పుడప్పుడు మనిషిలా మాట్లాడతాడు.

రెండో లైను నేను కొట్టలేదు.

చెయ్యి పెట్టాను. సగం కొట్టి చెరిపేశాను. అది మళ్ళీ తన చోటికి వస్తే రేపు పొద్దున అడుగుతుంది, నేను జవాబు చెబుతాను, ఆ జవాబు దగ్గరే రోజంతా కూర్చుంటాను. రెండేళ్ళుగా చేసింది అదే. నెమ్మదిగా కొట్టు అంది గానీ, అసలు కదలొద్దు అనలేదు కదా. పక్కనే ఉందని తెలిసింది. చూడాలనిపించిన రోజు చూస్తాను, ఆ లైను నాకు నోటికొచ్చేసింది. చూడకుండా ఉండగలిగిన రోజు చూడను. అలాంటి రోజు ఇంకా రాలేదు. వస్తుందో రాదో.

ఇక నీ ప్రశ్న. నీ ప్రశ్నకి నేను రైట్ చెప్పాలా? చెబుతున్నాను. ఒక బెల్లు కొడితే బండి ఆగుతుంది, రెండు కొడితే బయల్దేరుతుంది. రెండూ కొట్టాను, విను. నీకు వినపడేదాకా కొడుతూనే ఉంటాను. ముసలి కళ్ళ కోసం ఖాళీకి గీత పెట్టి రాసిన మనిషి, ముఖం కూడా చూడని నాకోసం నీ మీద విరుచుకుపడిన మనిషి, అలాంటి మనిషిని అన్ని నెలలు స్టాపులో నిలబెట్టావా? సిగ్గులేదయ్యా నీకు! నాకు సంతోషంగా ఉంది బాబూ. మంట కూడా ఉంది. రెండూ ఒకే చోట ఉన్నాయి, వేరు చెయ్యడం నాకు చాతకావడం లేదు, ఉండనీ.

దాని నవ్వు నీకు గుర్తు రావడం లేదన్నావు. దానికోసం ఏడవకు. నా చెవుల్లో అన్నీ పోయాయి, బస్సు హారను పోయింది, వాన పోయింది, నీ గొంతు పోయింది. ఆ నవ్వొక్కటే మిగిలింది. ముందు చిన్నగా ముక్కుతో మొదలై, ఆపుకుందామని చూసి, ఇక ఆగక బయటపడేది. నీకు కావాల్సినప్పుడల్లా నన్నడుగు. నేను చెబుతాను. అందుకే ఆ కంప్యూటరు.

ఆదివారం పొద్దున కూర్చుందాం. ఇద్దరూ కూర్చోండి. ఒక్కడివే వస్తే నేను తెర మూసేస్తాను.

మీ మామయ్య, ఎప్పటికీ

ఈ కింది ముక్క ఆవిడకి చూపించు.

అమ్మాయ్, నీ అక్షరాలు చాలా బాగున్నాయి. మా పిల్లని వెతికి ఇచ్చావు. ఆదివారం నువ్వు నెమ్మదిగా మాట్లాడితే చాలు, నేను చదువుకుంటాను. ఈ ఉత్తరంలో తప్పులుంటే నా చదువువి, చూపువి కావు. కళ్ళజోడు పెట్టుకునే రాశాను.